ఒకే బస్సు దిగినవాళ్లు

"నువ్వు లోపలికి రా, మిస్ హ్యాటీ. యోలాండా, నువ్వు మాత్రం ఇంటికెళ్లిపో," అన్నాడు డ్వైట్, తలుపుకు అడ్డంగా నిలబడి.

ఇద్దరూ ఒకే బస్సు దిగి పరుగులాంటి నడకతో వచ్చారు. ఇద్దరికీ ఒకటే ఆలస్యం, ఒకటే ఆయాసం. అరవై దాటింది కాబట్టి హ్యాటీకి కాస్త ఎక్కువ. చర్చి కింది అంతస్తులో లేనివాళ్లకు సరుకులు పంచే ఆ చోటిని డ్వైటే నడుపుతాడు. అక్కడ శనివారం శనివారం ఇద్దరూ పక్కపక్కన నిలబడి ఉల్లిపాయలు సంచుల్లోకి ఎత్తుతారు. తేడా అల్లా పైన తొడుక్కునే కోటు రంగులోనే. హ్యాటీది ఆకుపచ్చ. ఆవిడ ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని సామాజిక న్యాయం మీద ఒక కోర్సు చదువుతోంది, దానికి వారానికో రోజు ఇలా సేవ చెయ్యాలి. యోలాండాది నారింజ రంగు. గడువు తీరిన లైసెన్సుతో కారు నడిపి దొరికితే కోర్టు లైసెన్సు లాక్కుని, శిక్షగా ఇక్కడికి పంపింది. రెంటికీ పేరు ఒకటే, కమ్యూనిటీ సర్వీసు. మర్యాదలు మాత్రం వేరు.

"ఇవాళే నా ఆఖరి రోజు డ్వైట్. ఇది లెక్కలోకి రాకపోతే సోమవారం నన్ను జైల్లో పడేస్తారు. నా పిల్లనెవరు చూస్తారు?"

"నన్నేం చెయ్యమంటావ్? కోర్టు నుంచి వచ్చినవాళ్లు నిమిషం ఆలస్యమైనా ఆ రోజు కొట్టెయ్యాలి. జడ్జి ప్రుయిట్ పెట్టిన రూలు. నాది కాదు."

"బస్సు రాలేదు!"

"అందరూ చెప్పేది అదే."

"నిజమే చెప్తోంది," అంది హ్యాటీ. "నేనూ ఆ స్టాపులోనే ఉన్నాను. రావాల్సిన బస్సు రానేలేదు. దాని తర్వాతది వచ్చింది."

డ్వైట్ నవ్వాడు. "బంగారంలాంటి కారు పెట్టుకుని నీకు బస్సెందుకమ్మా?"

"ఈ వారం మా టీచర్ కార్లు తియ్యొద్దంది. మీరు సేవ చేసే చోటికి అక్కడి జనం ఎలా వస్తారో అలాగే వెళ్లండి అంది."

యోలాండా గిర్రున తిరిగింది. "బాగుంది పెద్దమ్మా! మా అగచాట్లు నీకు హోంవర్కా? నీకు మార్కులు, నాకు జైలు!"

ఆ మాట హ్యాటీకి సూటిగా తగిలింది. అలాంటప్పుడు ఎవరైనా రెండు మాటలు తిరిగి అంటారు, లేదా మొహం ముడుచుకుంటారు. ఆవిడ ఆ రెండూ చెయ్యలేదు. మెచ్చుకోవాలి.

"శనివారాలు ఆ బస్సు ఎప్పుడూ ఇంతేనా?" అని అడిగింది.

"ఎప్పుడూ ఇంతే. అందుకే నేను ముందు బస్సుకే వచ్చి ఈ మెట్ల మీద చలికి వణుకుతూ కూర్చుంటా, వీళ్లు తలుపు తీసేదాకా. ఇవాళ పిల్లకి జ్వరం, కుదర్లేదు. లైసెన్సు లాక్కునేదీ కోర్టే, టైముకి రమ్మనేదీ కోర్టే! నాకు శిక్ష వేసినాయన వేరే, ఆయన నయం. ఈ ప్రుయిట్ ఎవడోగానీ, జన్మలో బస్సెక్కాడా అంట?"

"ఎక్కి ఉండరులే," అంది హ్యాటీ మెల్లగా. తర్వాత డ్వైట్ వైపు తిరిగింది. "మరి నన్నెందుకు రానిస్తున్నావ్?"

"నువ్వు స్టూడెంటువి. మంచి మనసుతో వచ్చావ్."

"ఆ ఉల్లిపాయలకు మా మనసులు తెలుస్తాయా? పైగా బరువు సంచులన్నీ మోసేది తనే."

"మిస్ హ్యాటీ, నీకు దణ్ణం పెడతా, నన్ను ఇరికించకు. ఈ పిల్లని చూస్తే నాకూ జాలే. కానీ రూలు తప్పానని తెలిస్తే మళ్లీ ఒక్క మనిషినీ పంపరు. మనుషుల్లేకపోతే ఇది మూత పడుద్ది. అటు క్యూ చూడు, ఎంతమంది నిలబడ్డారో." భుజం మీది కోట్లలోంచి ఆకుపచ్చది లాగి ఆవిడ చేతికివ్వబోయాడు.

హ్యాటీ దాన్ని అందుకోలేదు. అతని భుజం మీంచి నారింజ రంగుది తీసుకుని తొడుక్కుంది. మెడ దాకా బొత్తాలు పెట్టుకుంది.

"అయ్యో, అది నీది కాదు!" అన్నాడు డ్వైట్ కంగారుగా. "అది కోర్టు నుంచి వచ్చినవాళ్లది!"

"నేనూ అక్కణ్ణుంచే వచ్చాను డ్వైట్. ఆ అమ్మాయిని లోపలికి రానివ్వు, ఆ రూలు ఇక లేదు. జడ్జి ప్రుయిట్‌ని నేనే."