రెండు లోహాల కాపురం

"ఇవాళ తేలిపోవాలి," అన్నారు ల్యాబ్ నడిపే పెద్దసారు. "ఆ ప్రయోగం అక్క చేసి చూపిస్తుంది. వస్తే నువ్వు సాయంత్రంలోపు బల్ల ఖాళీ చెయ్యాలి. రాకపోతే అందరి ముందూ నేనే నీకు క్షమాపణ చెప్తాను. సరేనా?"

సందేహాలరావు తల ఊపాడు. అసలు పేరు వేరే ఉంది. ప్రతిదానికీ "అది కాదండీ" అంటూ లేస్తాడని ల్యాబ్ అంతా కలిసి అతనికి ఆ పేరు ఖాయం చేసింది. ఈసారి అతను వేలు పెట్టింది మాత్రం మామూలు చోట కాదు. పెద్దసారుకు పేరు తెచ్చిన రసాయన చర్య మీదే.

ఆ చర్యలో రెండు లోహాలు కలిసి పనిచేస్తాయి. రాగి ఒక అణువును పట్టి తెచ్చి అందిస్తుంది. పలాడియం దాన్ని ఇంకో అణువుకు అతికిస్తుంది. "ఏ ఒక్కరు అలిగినా కాపురం సాగదు," అని పెద్దసారు ప్రతి సభలోనూ అనేవారు. జనం నవ్వేవారు. కిందటి నెల అలాంటి సభలోనే, బయటివాళ్ళు నలుగురూ ఉండగా, సందేహాలరావు లేచాడు.

"అది కాదండీ... నేనెన్నిసార్లు చేసినా రావడం లేదు."

పెద్దసారు అక్కవైపు చూశారు. ల్యాబ్‌లో అందరికంటే సీనియర్ ఆమె. చిన్నా పెద్దా అందరూ అక్కా అనే పిలుస్తారు. సందేహాలరావుకు ఓనమాల నుంచి పని నేర్పింది ఆమే. ఆమె లేచి నిలబడింది.

"చర్యలో లోపమేం లేదండీ. అతనికి చేతకావడం లేదు, అంతే."

ఆ మాట అన్నప్పటి నుంచీ ఆమెకు తిండి సయించడం లేదు. ఎందుకంటే ఆ చర్య ఆమెకూ ఒకటి రెండుసార్లు రాలేదు. తన చెయ్యి మంచిది కాదనుకుంది. గుట్టు చప్పుడు కాకుండా కడిగేసి ఊరుకుంది. పెద్దసారుతో చెప్పే ధైర్యం లేక తను నోరు మూసుకుంది సరే, చెప్పినవాడి నోరు కూడా మూయించింది. అద్దంలో తన మొహం తనకే చూడబుద్ధి కావడం లేదు.

ఇవాళ పొద్దున మెట్ల దగ్గర అతను ఎదురుపడ్డాడు.

"అక్కా, మీమీద నాకేం కోపం లేదు. మీరు చూసిందే మీరు చెప్పారు. మా ఆవిడకే ఇంకా చెప్పలేదు. ఇక్కణ్ణుంచి పంపేస్తే ఇన్నేళ్ళ చదువూ నీళ్ళపాలే కదా, ఎలా చెప్పాలో తెలీక..."

ఆమె "ఊఁ" అని తప్పుకుని పైకి వెళ్ళిపోయింది. అతను ఒక్క తిట్టు తిట్టి ఉంటే ఎంత హాయిగా ఉండేదో అనుకుంది.

తూకం గదిలో ఆమె చాలాసేపు ఉండిపోయింది. చివరికి రెండు లోహాల పొడులనూ తూచి, విడివిడిగా పొట్లాలు కట్టి తెచ్చింది.

"నా ఫ్లాస్కు తీసుకో. అది కలిసొచ్చింది," అన్నారు పెద్దసారు. ఏళ్ళ తరబడి అదే చర్య చేసీ చేసీ, ఎంత తోమినా అడుగున నల్లటి మరక వదలని పాత గాజు ఫ్లాస్కు అది. అక్క కోసం అప్పుడప్పుడూ బయటికి తీసేవారు. సందేహాలరావును మాత్రం దాన్ని ముట్టుకోనిచ్చేవారు కాదు. కొత్త అల్లుడికి కూడా అంత మర్యాద జరగదని ల్యాబ్‌లో చెప్పుకునేవారు.

ఆమె అందరికీ వీపు పెట్టి పనిలోకి దిగింది. ద్రవం ముందే డికాక్షన్ రంగులో ఉంది. అందులో ఏం జరుగుతోందో కంటితో చూసి చెప్పలేరు. మూత ఆమె చేతిలోంచి జారి బల్లమీద పడింది.

"అక్కక్కూడా టెన్షనే!" అని ఎవరో నవ్వారు.

ఆమె మూత బిగించి, వేడి పెట్టి, పక్కకు జరిగింది. ఎప్పుడూ దేవుణ్ణి ఏమీ అడగని మనిషి. ఇవాళ అడిగింది. అటు సందేహాలరావు అప్పుడే సొరుగులోంచి తన సామాను ఒక్కొక్కటే తీసి బల్లమీద పెడుతున్నాడు.

మధ్యాహ్నం మూత తీశారు. ఒక్క బొట్టు తీసి చిన్న పలక మీద చుక్క పెట్టి పరీక్ష చేశారు. దీపం కింద మొదటి పదార్థం చుక్కకు పైన కొత్త చుక్క కనిపిస్తే చర్య జరిగినట్టే. పలకను పెద్దసారే స్వయంగా దీపం కింద పెట్టారు.

కొత్త చుక్క కనిపించింది. ఒకటే చప్పట్లు.

"చూశావా? చెయ్యంటే అదీ!" అన్నారు పెద్దసారు.

సందేహాలరావు పలకను తిప్పి తిప్పి చూశాడు. ఈసారి "అది కాదండీ" అనలేదు. నెమ్మదిగా అక్క దగ్గరికి వచ్చాడు.

"మీరన్నదే నిజం అక్కా. నాకే చేతకాలేదు. మిమ్మల్నందర్నీ ఇబ్బంది పెట్టాను, క్షమించండి."

ఆమె ఫ్లాస్కు అడుగున ఉన్న నల్లటి మరకనే చూస్తోంది. చెవుల దాకా ఎర్రబడి గోడవైపు తిరిగింది. నేల చీలి తనను మింగేస్తే బాగుండుననిపించింది.

"పాపం, నేర్పిన చెయ్యి కదా, బాధపడుతోంది," అన్నారెవరో.

"నువ్వేం తప్పు చేశావని ఆ ఏడుపు?" అని పెద్దసారు మందలించారు. "వచ్చింది నీ చేతిమీదే కదా!"

ఆమె కళ్ళు తుడుచుకోవడానికి రుమాలు కోసం కోటు జేబులో చెయ్యి పెట్టి, ఆ చేతిని అలాగే బిగించేసింది.

ఎలాగైనా అతన్ని నిలబెట్టాలని ఆమె ఫ్లాస్కులో వేయకుండా దాచేసిన రాగి పొట్లం, పలాడియం పొట్లం రెండూ, కట్టినవి కట్టినట్టే ఆ జేబులో ఉన్నాయి.