లూకా పడిపోయిన కోర్టు

తమ్ముడి ప్రాణం పోయిన చోటే టిక్కెట్లు పెట్టి ఆటాడిస్తున్నాడని, జ్ఞానానందాన్ని రేపల్లె క్షమించదని పక్కింటి కమలమ్మ అన్నదట. అన్నదో లేదో గాని, పంపు దగ్గర విన్నవాళ్ళు చెప్పగా, ప్రేమకుమారి అన్నం వడ్డిస్తూ ఆ మాట భర్త చెవిన వేసింది.

జ్ఞానానందం కంచం పక్కకు జరిపాడు. బాపట్లలో చదువుకునే రోజుల్నుంచీ అతనూ, తమ్ముడు లూకా జోడీగా టెన్నిస్ ఆడేవారు. ఇంటి వెనక చేలో కోర్టు వేసుకున్నారు. ఆటే బతుకుగా ఉన్నవాళ్ళని తెచ్చి మన జనానికి చూపించాలని లూకా కోరిక. కిందటేడు, ఎనభై ఏడు వేసవిలో, ఇంకొక్క గేమని అన్న బతిమాలితే ఆడుతూ కుప్పకూలాడు. మళ్ళీ లేవలేదు.

"ఊరు మెచ్చితే ఏటా ఆడిస్తాను. లేదంటే ఆ కోర్టు ఇక ఉండదు" అన్నాడు భార్యతో.

కోర్టు పేడతో అలికించాడు. మైకు కట్టిన ఆటో తెనాలి దాకా తిరిగింది. మద్రాసు ఆటగాళ్ళు వస్తున్నారనీ, ఆడవాళ్ళకు వేరే బెంచీలనీ, ఆట జరుగుతుండగా చప్పుడు చేయరాదనీ, టిక్కెట్లు సోడాకొట్టులో దొరుకుతాయనీ చెప్పింది.

శనివారం సాయంత్రానికి బెంచీలు నిండాయి. కమలమ్మ ముందు వరసలోనే కూర్చుంది. ఆటగాళ్ళు ప్రాణం పెట్టి ఆడారు. ఒకడు వెనక్కి పరిగెత్తి, తిరక్కుండానే కాళ్ళ సందునుంచి బంతిని అవతలికి కొట్టాడు. జనంలో ఉలుకూ పలుకూ లేదు. జ్ఞానానందం చూపు లూకా పడిన మూలకే పోతోంది. ఆట ముగిసింది. జనం కాసేపు అలాగే కూర్చుని, సమాధుల దొడ్లోంచి లేచినట్టు లేచి వెళ్ళిపోయారు.

"ఈ ఊరికి మళ్ళీ పిలవకండి సార్" అని ఆటగాళ్ళు తెనాలి బండెక్కారు.

సోమవారం పొద్దున్నే అరక కట్టించాడు. కోర్టు సగం దున్నేసరికి కమలమ్మ రొప్పుతూ వచ్చింది.

"ఇదేంటి నాయనా? మళ్ళీ ఆట ఎప్పుడో అడుగుదామని వస్తే దున్నించేస్తన్నావేంటి?"

"ఎవరి కోసం పిన్నీ? అంతమందిలో ఒక్కరైనా చప్పట్లు కొట్టారా? లూకా సంగతి మీరెవరూ మర్చిపోలేదని తెలిసింది."

అరక ఆగింది. కమలమ్మ అతని మొహంలోకి చూసింది.

"చప్పుడు చెయ్యొద్దని ఆటోలో చెప్పించావు గాని, ఎప్పుడు చెయ్యాలో చెప్పావా?"