మేడ మీద తిట్లు

ఎడ్నా అరవంలో మొదట నేర్చుకున్న మాట ‘నాయే’. కుక్కా అని తిట్టు.

వాకిట్లో ముగ్గు వేస్తున్న అమ్మణికి మేడ మీద నుంచి ఆ మాట వినబడింది. వెంటనే ఆడపిల్లల నవ్వులు.

మళ్ళీ అదే తిట్టు, ఇంకా గట్టిగా.

ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఎడ్నా అమెరికా నుంచి వచ్చిన నల్లజాతి ముసలామె. ఎనభై దాటాయి. కాలేజీ మేడం ఒకామె చెబితే అమ్మణి మేడ గది అద్దెకిచ్చింది. ఈ ఊరు ఎందుకొచ్చారని అడిగితే, “మా తాతలు పత్తి ఏరి బతికారు. పత్తి ఊరు చూడాలనిపించింది,” అంది.

పత్తి చూడడానికి అంత దూరం నుంచి రాజపాళయం ఎవరొస్తారు? అమ్మణికి అప్పుడే మనసులో ముల్లు గుచ్చుకుంది.

పైన ఉన్నవాళ్ళలో అమ్మణి మేనకోడలు, తమ్ముడి కూతురు ఇళవరసి కూడా ఉంది. సేత్తూరు నుంచి వచ్చి అత్త ఇంట్లోనే ఉంటూ బజారులో జవుళి కొట్టులో చీరలు చూపించే పని చేస్తోంది. కొట్టు తెరిచినప్పటి నుంచి మూసే దాకా నిలబడే ఉండాలి. కాళ్ళ నరాలు నీలంగా ఉబ్బిపోయాయి.

పనివాళ్ళకు కూర్చునే వీలు కల్పించాలని చట్టం వచ్చి ఏళ్ళయింది. కొట్టు యజమాని, ముదలాళి, స్టూళ్ళు వేయించాడు. కూర్చున్న పిల్లను మాత్రం మర్నాటి నుంచి రావద్దన్నాడు.

ఆ ముదలాళి అమ్మణి భర్త రామసుబ్రహ్మణ్యకు పెద్దమ్మ కొడుకు. ఇళవరసికి పని ఇప్పించింది రామసుబ్రహ్మణ్యే.

“ఆదివారం ఆదివారం కొట్టు పిల్లలంతా మాడికి, ఆమె గదికి పోతా ఉండారు. పాటలు, చప్పట్లు,” అంది అమ్మణి భర్తతో.

“మతం మార్చే కూట్టమేమో చూడు.”

“తిడతా కూడా ఉండాది.”

“మతం మార్చేవాళ్ళు తియ్యగా గదా మాట్లాడతారు.”

ఆ మాటతో అనుమానం తగ్గలేదు, ఇంకా చిక్కుపడింది.

ఇళవరసిని పట్టుకుని అడిగింది. “మాడిలో ఏం చేస్తా ఉండారే?”

“ఇంగ్లీషు నేర్చుకుంటా ఉండాము అత్తా.”

“నాయే ఇంగ్లీషా?”

ఇళవరసి తల దించుకుంది.

మరుసటి ఆదివారం అమ్మణి చప్పుడు చేయకుండా మెట్లెక్కింది.

గది మధ్యలో కుర్చీ. దాంట్లో ఇళవరసి, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని. ఎడ్నా ఒక చేత్తో ఆ పిల్ల జడ పట్టి లాగుతూ, ఇంకో చేత్తో చెంబెడు నీళ్ళు తల మీద పోసింది. చుట్టూ పిల్లలు గుడ్లప్పగించి చూస్తున్నారు.

పాట, ఆదివారం, తల మీద నీళ్ళు. అమ్మణికి ఇంకేం కావాలి? జ్ఞానస్నానమే. రేపు తమ్ముడికి ఏం సమాధానం చెప్పాలి?

“ఇవాళే ఖాళీ చేయండి,” అంది ఇంగ్లీషులో.

“ఒక్క వారం ఆగగలరా? వీళ్ళింకా సిద్ధం కాలేదు.”

“దేనికి సిద్ధం?”

ఎడ్నా ఇళవరసి వైపు చూసింది. ఇళవరసి వద్దన్నట్టు తల ఊపింది.

ఆ చూపులు చూశాక అమ్మణికి వారం కాదు, పూట కూడా ఇవ్వాలనిపించలేదు.

మధ్యాహ్నం ఆటో వచ్చింది. వెళ్తూ వెళ్తూ ఎడ్నా ఇళవరసి తల మీద చెయ్యి వేయబోయింది. అమ్మణి పిల్లను ఇవతలకు లాక్కుంది.

రెండు రోజులకు రామసుబ్రహ్మణ్య ఫోన్ చేశాడు.

“నీ మేనకోడలు కొట్టులో కూర్చోని ఉండాదంట. లెయ్యమంటే లెయ్యడం లేదంట. అన్న అరుస్తా ఉండాడు. పోయి పిలుచుకోని రా.”

అమ్మణి పరుగున వెళ్ళింది.

చీరల దగ్గర పిల్లలంతా స్టూళ్ళ మీద కూర్చుని ఉన్నారు. సూపర్‌వైజర్ మారిసెల్వం నోటికొచ్చినట్టు తిడుతున్నాడు. ఇళవరసి జడ పట్టి లాగాడు. ఆ పిల్ల కదలలేదు. చేతిలోని బాటిల్ నీళ్ళు తల మీద కుమ్మరించాడు.

ఇళవరసి చెయ్యెత్తలేదు. మాటకు మాట అనలేదు. ఏడవలేదు.

“లెయ్యి కన్నా, ఇంటికి పోదాము,” అంది అమ్మణి.

“బేరం వస్తే లేస్తాము అత్తా. బేరం లేనప్పుడు కూర్చుంటాము. అంతే.”

చీరలు కొనడానికి వచ్చిన ఒక పెద్దామె చేతిలో చీర పక్కన పెట్టింది. “ఆ పిల్ల మీద ఏమిటికయ్యా నీళ్ళు పోస్తావు?”

మారిసెల్వం చెయ్యి దిగిపోయింది.

ముదలాళి గదిలోంచి బయటికి వచ్చాడు. పోలీసులను పిలుద్దామంటే కొట్లాట లేదు. బేరానికి వచ్చినవాళ్ళు ఫోన్లు పైకెత్తి పట్టుకున్నారు.

“సరి, కూర్చోనీ,” అని లోపలికి వెళ్ళిపోయాడు.

అమ్మణి కొంగుతో మేనకోడలి తల తుడిచింది.

“నాకు ఒక్క మాట చెప్పినుంటే ఏమే?”

“నీకు చెబితే మామకు చెబుతావు. మామ ముదలాళికి చెబుతాడు.”

అమ్మణి తడిసిన కొంగు పిండుకుంది.

“ఆమె ఎక్కడుంది ఇప్పుడు?”

“ఊరికి పోయినాది. ఫ్లైటులో ఉంటుంది.”

“అసలు ఎవరే ఆమె?”

“అరవై ఏళ్ళ ముందు అక్కడి హోటళ్ళలో నల్లవాళ్ళు కూర్చుంటే కాఫీ కూడా ఇయ్యరంట అత్తా. అయినా పోయి కూర్చున్నారు. తిట్టినారు, తల మీద చక్కెర పోసినారు, కిందకి లాగినారు. ఒక్కరు తిరగబడి కొట్టినా అంతా పోతుంది. ముందే ఎవరో ఒకరు తిట్టి, లాగి అలవాటు చేయించాల. సొంత మనుషులను అట్లా తిట్టేదానికి ఎవరికి మనసొస్తుంది?”

తడి జడ విప్పుకుంటూ ఇళవరసి మెల్లగా అంది:

“ఫోటోల్లో ముందు నడుస్తా ఉండే లీడర్లు ఉండారే, వాళ్ళలో సగం మంది ఆమె చేత కుక్కా అనిపించుకోని జైలుకు పోయినవాళ్ళే.”