సీలు విప్పని రికార్డు

ఆస్టిన్ పాత గ్రామఫోన్ రికార్డుల సంతలో రాయిస్ టిడ్వెల్ బల్ల ముందు ఓ ముసలావిడ ఆగింది. ప్లాస్టిక్ కవర్లో ఉన్న రికార్డు మీద చెయ్యి వేసింది.

"చెయ్యి తియ్యండి!" రాయిస్ కేక పెట్టాడు.

అది గ్లాస్ కాయోటీస్ బ్యాండు ఏకైక రికార్డు. అరవై ఏడులో రెండు వందల కాపీలే వేశారు. సీలు విప్పనిది లోకంలో ఇదొక్కటేనని రాయిస్ డప్పు. రికార్డులు పోగేసే ఈ మహానుభావులు వాటిని భూతద్దంతో చూస్తారు, అట్ట వాసన చూస్తారు, వినడమనే పాపం మాత్రం చెయ్యరు. పాటలు కంప్యూటర్లోకి ఎక్కిస్తే విలువ పడిపోతుందని, కాపీలున్న నలుగురూ బిగబట్టుకు కూర్చున్నారు.

"ఒక్క పాట వినిపిస్తావా, నాయనా? రెండో వైపు మొదటిది."

"ఏమిటీ?"

"రేపు నాకు ఆపరేషన్. వినపడే ఈ ఒక్క చెవీ పోతుందని డాక్టర్లు ముందే చెప్పేశారు."

రాయిస్ పక్క బల్ల డ్వేన్‌కి కన్ను కొట్టాడు. "విన్నావుట్రా? బామ్మగారి చెవి కోసం నేను సీలు కొయ్యాలట!"

నవ్వాపుకోలేక డ్వేన్‌కి తాగుతున్న టీ పొలమారింది.

"వినడానికే కదయ్యా పాటలు?"

"మీకు. మాకిది చరిత్ర. ఈ బ్యాండు మీద పుస్తకం రాసినవాణ్ణి నేను. ఇందులో పాడిన పిల్ల డెబ్బై ఒకటిలో మెక్సికోలో కారు బోల్తాపడి పోయిందని కనిపెట్టింది కూడా నేనే."

"పోయిందా? అయ్యో పాపం."

ఆవిడ ఇంకేదో చెప్పబోయింది. పుస్తకం అట్ట మీద నవ్వుతున్న రాయిస్ ఫొటో చూసి మానేసింది. టోపీ సర్దుకుని బయటికి నడిచింది.

అరగంటకి డెల్బర్ట్ వచ్చాడు. ఆ బ్యాండులో బాస్ గిటార్ వాయించినాయన, సంతకి గౌరవ అతిథి. రాయిస్ ఒంగి ఒంగి కుర్చీ వేశాడు.

"ఇక్కడికి టోపీ పెట్టుకున్న ఆవిడ వచ్చిందా?"

"వచ్చింది సార్. సీలు కోసి పాట వెయ్యమంది! తరిమేశాను."

డెల్బర్ట్ సెల్‌ఫోన్ తీసి చూశాడు. "హ్యూస్టన్ బస్సెక్కేసిందట. సాయంత్రానికి ఆసుపత్రిలో చేరాలి."

"ఎవరు సార్ ఆవిడ?"

డెల్బర్ట్ కూర్చోలేదు.

"రికార్డు వచ్చేలోపే బ్యాండు విడిపోయింది. మాకెవరికీ ఒక్కటీ ఇవ్వలేదు," అన్నాడు. "నువ్వు మెక్సికోలో చంపేసిన పిల్ల, తన పాట ఎలా వచ్చిందో చెవి పోయేలోపు ఒక్కసారైనా విందామని వచ్చింది."