ముప్పయ్యో సంతకం

ఇరవై తొమ్మిది మంది వచ్చారు. ముప్పయ్యో మనిషి జాడ లేదు.

సూపర్‌వైజరమ్మకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఈ వృద్ధాశ్రమానికీ, ఊళ్లోని మరికొన్నిటికీ ఆయాలను పంపే కంపెనీ తరఫున ఆమె వాళ్లందరి పనీ చూస్తోంది. పెద్దవాళ్లను ఎలా కాపాడుకోవాలో నేర్పే శిక్షణకు ముప్పై మందీ హాజరైనట్టు సంతకాలుంటేనే కాంట్రాక్టు మరో ఏడాది నిలుస్తుంది. అయినదానికీ కానిదానికీ సంతకం అడుగుతుందని ఆయాలు ఆమెను చాటుగా సంతకాలమ్మ అంటారు.

రావలసింది కొత్త ఆయా. ఆమె ముఖం ఇంకా ఎవరూ చూడలేదు.

వరండా చివర ఒక పెద్దావిడ ఉతికిన తువాళ్లు మడతపెడుతూ కనబడింది. అంచుకు అంచు కలిపి, ఎంతో శ్రద్ధగా.

"ఇక్కడున్నావా తల్లీ. నీకోసం ఎక్కడెక్కడ వెతికానో. యాప్రాన్ ఏదీ?"

"నాకెవరూ ఇవ్వలేదమ్మా."

"ఇవ్వకపోతే అడగాలని తెలీదా?" అంటూ తనే ఒక నీలం యాప్రాన్ తగిలించి, రెక్క పట్టుకుని తెచ్చి వెనక కుర్చీలో కూర్చోబెట్టింది.

పెద్దావిడ 'అబ్బా' అని జబ్బ తడుముకుంది.

శిక్షణ ఇచ్చేవాడు తెర మీద బొమ్మలు చూపిస్తున్నాడు. "ఎవరైనా చెప్పుకోవడానికి వస్తే చేతిలో పని పక్కన పెట్టి వినాలి. అన్నిటికంటే ముందు అది."

పెద్దావిడ చెయ్యెత్తింది. "స్నానం చేయించేటప్పుడు జబ్బ పట్టి ఈడిస్తే ఎవరికి చెప్పాలి నాయనా?"

"మీ సూపర్‌వైజర్‌కి."

"ఆవిడెవరు?"

అందరూ గొల్లున నవ్వారు. ముందు వరుసలో ఒక ఆయా మాత్రం తలెత్తలేదు. సూపర్‌వైజరమ్మ ముఖం కందగడ్డ చేసుకుంది.

శిక్షణ అయ్యాక సూపర్‌వైజరమ్మ ఆ పెద్దావిడ ముందు హాజరు కాగితం పెట్టింది. "ఇక్కడ సంతకం పెట్టు."

ఆవిడ ముత్యాల్లాంటి అక్షరాలతో పేరు రాసింది. కలం మాత్రం వదల్లేదు.

"సూపర్‌వైజరంటే నువ్వేనటగా అమ్మా. నీకొక మాట చెప్పాలి."

"రేపు చెబుదువుగాని. ఇవి ఇప్పుడే ఆఫీసులో ఇవ్వాలి."

"రేపటికి గుర్తుండదమ్మా."

"గుర్తుండకపోతే అంత పెద్ద విషయం కాదన్నమాట," అని కలం లాక్కుని వెళ్లిపోయింది. తన చమత్కారానికి తనే నవ్వుకుంది కూడా. వినాలన్న పాఠం విని గంటయినా కాలేదు.

మర్నాడు ఆశ్రమం మేనేజరు ఆ కాగితం చదువుతూ చివరి పేరు దగ్గర ఆగాడు.

"మీ కొత్త ఆయా చేరింది ఇవాళ కదమ్మా. మరి ఈవిడెవరు?"

"వెనక కూర్చున్న పెద్దావిడండీ. తువాళ్లు మడతపెడుతుంటే..."

"ఈ పేరు మా ఏడో గది తలుపు మీద ఉంది."

సూపర్‌వైజరమ్మ పరుగున వెళ్లింది. పెద్దావిడ మంచం మీద కూర్చుని ఉంది. జబ్బ మీద నాలుగు వేళ్ల అచ్చు నల్లగా కమిలి ఉంది. వెనక నిలబడి తల దువ్వుతున్నది నిన్న తలెత్తని ఆయా.

"మంచం కోడుకు తగిలించుకున్నారండీ," అంది ఆయా, అడక్కుండానే.

సూపర్‌వైజరమ్మ మోకాళ్ల మీద కూర్చుంది.

"అమ్మా, నిన్న నాకేదో చెప్పాలన్నారు. ఇప్పుడు చెప్పండి, వింటాను."

పెద్దావిడ ఆమె ముఖంలోకి ఆప్యాయంగా చూసింది.

"నేనా? నువ్వెవరమ్మా?"