చారల అట్ట

కుడి కన్ను మూయగానే చంటివాడు గుక్కపట్టి ఏడ్చాడు.

ఆమె చెయ్యి తీసింది. ఏడుపు ఆగింది. ఈసారి ఎడమ కన్ను మూసింది. వాడు తన మానాన తాను కాళ్ళు ఆడిస్తూ ఉన్నాడు.

మళ్ళీ కుడి కన్ను. మళ్ళీ ఏడుపు.

"ఏందమ్మాయ్, పసిబిడ్డతో ఆ ఆటలు?" కల్లంలో ఎండుమిరపకాయల్లోంచి తాలుకాయలు ఏరుతున్న సీతారావమ్మ కసురుకుంది.

కోడలు నాగులమ్మకు పెళ్ళైన ఏడేళ్ళకు పుట్టిన మనవడు వాడు. కోటిగాడు. ఆరు నెలలు.

"ఆట కాదు పెద్దమ్మా, పరీక్ష."

ఆమె పేరు రత్నకుమారి. గుంటూరు నుంచి వచ్చి, నకరికల్లు పక్కనున్న ఆ ఊళ్ళో రెండు రోజులుగా చంటిపిల్లలున్న ఇళ్ళన్నీ తిరుగుతోంది. ఆమె దగ్గర ఒక అట్ట ఉంది. సగం నలుపు తెలుపు చారలు, సగం వట్టి బూడిద రంగు. దాన్ని బిడ్డ ముందు పట్టి, చారల వైపు ఎంతసేపు చూస్తున్నాడో స్టాప్‌వాచీ నొక్కి పుస్తకంలో రాసుకుంటుంది.

"పసివాళ్ళు తమకేం కనపడుతుందో చెప్పలేరు. వాళ్ళ చూపునే మనం అడగాలి" అంటుంది.

ఊరు మాత్రం ఆమె చూపును గమనించింది. ఆమె ఎడమ కన్ను కదలదు. గోళీకాయలా ఒకేచోట నిలబడి ఉంటుంది.

రత్నకుమారి గొంతు తగ్గించింది. "వీడి ఎడమ కంటికి చూపు లేదు. అందుకే అది మూసినా వీడికి తెలియలేదు. దీపం వెలుగులో ఆ కన్ను మెరుస్తుందా?"

"మెరుస్తదక్కా, పిల్లికన్ను మాదిరి" అంది నాగులమ్మ. "మా అత్త అదృష్టమంటది."

"కాదమ్మా. రేపే గుంటూరు తీసుకురా. ఆలస్యమైతే..."

"నోర్ముయ్!" సీతారావమ్మ లేచింది. "నా మనవడికి చూపు లేదా? ఒంటికన్నుదానా! నీకు లేదని మా బిడ్డలకీ పోవాల్నా?"

"పెద్దమ్మా, ఒక్క మాట..."

గుప్పెడు మిరపగింజలు, దుమ్ముతో సహా, ఆమె మొహాన పడ్డాయి.

రత్నకుమారి రెండు చేతులూ కుడి కంటికే అడ్డం పెట్టుకుంది. ఎడమ కంటిని కారానికి వదిలేసింది.

"చూడండే, ఆ కన్నుకి కారం గూడా లెక్కలా!" పక్కింటి శాంతమ్మ కేక పెట్టింది. "మనిషి కాదే ఇది!"

ఎవరో పుస్తకం లాక్కుని టీ కాచే పొయ్యిలో తోశారు. ఎవరో స్టాప్‌వాచీని రాయి పెట్టి నలగ్గొట్టారు. తడుముకుంటూ రోడ్డు వైపు పోతున్న మనిషి వెనక పిల్లలు "ఒంటికన్నూ, ఒంటికన్నూ" అని పాట కట్టారు.

"గుంటూరు తీసుకెళ్ళండమ్మా!" ఆమె రెండుసార్లు వెనక్కి తిరిగి అరిచింది.

నాగులమ్మ విన్నది. అత్త మొహం చూసి తల దించుకుంది.

ఆ సాయంత్రం సీతారావమ్మ మనవడికి దిష్టి తీసి, బుగ్గన ఇంత కాటుక చుక్క పెట్టింది. అట్టను మాత్రం కాల్చలేదు. గట్టిగా ఉంది, విసురుకోవడానికి పనికొస్తుందని అట్టిపెట్టింది.

రోహిణి ఎండలొచ్చేసరికి కోటిగాడి ఎడమ కన్ను ఉబ్బి బయటికొచ్చింది.

గుంటూరులో కంటి డాక్టరు శివరామయ్య లైటు వేసి చూశాడు. స్కాను తీయించాడు.

"కంట్లో కంతి. మెదడుకి పాకింది. ఇక నా చేతుల్లో లేదమ్మా. మూడు నెలల ముందు తెచ్చుంటే, కన్ను తీసేసి బిడ్డను దక్కించేవాణ్ణి."

నాగులమ్మ గోడ వారన కూలబడింది.

సీతారావమ్మ ఉక్కకు అట్టతో విసురుకుంటూనే ఉంది. "కన్ను తీసేసినాక అదేం బతుకు బాబూ? ఊరంతా ఎక్కిరిచ్చుద్ది గదా!"

డాక్టరు చూపు అట్ట మీద పడింది.

"ఇది మీకెక్కడిది?"

"ఎవతో పిచ్చిది, మా కల్లంలో పారేసి పోయింది."

ఆయన అట్టను ఆమె చేతిలోంచి తీసుకుని, చారల మీద అంటుకున్న మిరపగింజను గోటితో గీకి తీశాడు.

"ఇరవై ఏడేళ్ళ కిందట, ఈ జబ్బుకే, ఈ బల్ల మీదే, ఈ అట్ట పట్టుకుని ఊళ్ళు తిరిగే రత్నకుమారికి ఎడమ కన్ను తీసి బతికించాను. అప్పుడు ఆ పిల్లకి ఆరు నెలలే."