కిహాచి కనిపెట్టిన వస్తాదు

"చెప్పకండి! పేరు మాత్రం చెప్పకండి. నేనే కనిపెడతాను," అన్నాడు కిహాచి.

పక్క కుర్చీలో ఉన్న ఆవిడ తెరిచిన నోరు మూసుకుంది.

ఒసాకాలో వసంతకాలపు సుమో పోటీలు. పదిహేను రోజుల్లో అది పదమూడోది. పేరున్న వస్తాదులు సాయంత్రానికి గాని బరిలోకి దిగరు. అందుకని మధ్యాహ్నం హాలు సగానికి పైగా ఖాళీ. ఆ వేళకి వచ్చేవాళ్ళు రెండే రకాలు. కిహాచి లాంటి సుమో పిచ్చివాళ్ళు, బరిలోకి దిగే కుర్రాళ్ళని కన్నవాళ్ళు. ఆవిడ రెండో రకమని కిహాచి మొదటిరోజే పసిగట్టాడు. ఇవాళ అడిగితే ఒప్పుకుంది. పేరు మియోకో. షిమానె నుంచి కొడుకు కోసమే వచ్చిందట. చెల్లెలింట్లో ఉంటోందట.

చాపలు కుట్టే పని చేస్తూనే కిహాచి ముప్ఫై ఏళ్ళుగా ఒక్క వసంతం పోటీ వదల్లేదు. ఏ వస్తాదుది ఏ ఊరు, ఎంత బరువు, ఎవరికి ఏ మోకాలు నొప్పి, అన్నీ అతని నాలుక మీదే ఉంటాయి.

"ఒకటి రెండు ఆనవాళ్ళు ఇవ్వండమ్మా, చాలు."

ఆవిడ మొహమాటంగా నవ్వింది. "పదిహేనేళ్ళకే తాలింఖానాలో చేర్చామండీ. ఎంత పెట్టినా ఒంటికి పట్టదు."

"బక్కవాడన్నమాట. ఊఁ, ఇంకా?"

"ఈసారి ఇప్పటికే మూడుసార్లు తల దించుకుని దిగాడు. నాలుగోది పడకుండా గట్టెక్కితే పై తరగతిలోకి తీసుకుంటారట. పడిందా... పదమూడేళ్ళుగా ఎదురుచూస్తున్నాడండీ."

కిహాచి చెవి మీది పెన్సిల్ తీసి, ఒళ్ళో ఉన్న పోటీల కాగితం మీదికి వంగాడు. గెలుపుకి తెల్ల సున్నా, ఓటమికి నల్ల చుక్క. మూడు చుక్కలున్నవాడు, బక్కవాడు, పై తరగతి గడప మీద నిలబడ్డవాడు. వేలు జారుతూ జారుతూ ఒక పేరు దగ్గర ఆగింది.

"దొరికాడు! ఇప్పుడు పైకి అనను. దిష్టి తగులుతుంది. ముప్ఫై ఏళ్ళ కళ్ళమ్మా ఇవి!"

వెనక వరసలోంచి అతని స్నేహితుడు మొసుకె తల ముందుకి పెట్టాడు.

"ఆ కళ్ళని నమ్మకమ్మా. పెళ్ళిచూపులకెళ్ళి, పెళ్ళికూతుర్ని వదిలేసి, టీ తెచ్చిన వాళ్ళ పిన్నిని చూసొచ్చిన కళ్ళవి."

"నోర్ముయ్‌రా!" అని, కిహాచి వెనక్కి తిరిగి అతని చెవిలో చెప్పాడు. "కవసెయామా."

మొసుకె ముఖం చిట్లించాడు. "వాడికి రోజు విడిచి రోజు కదరా పోటీ. ఈవిడ రోజూ వస్తోందేం?"

"నిన్ను అమ్మ కనలేదేంట్రా? పోటీ లేనిరోజు దండం పెట్టుకోడానికొస్తుంది. తల్లి మనసు!"

ఆఖరిరోజు వచ్చింది. కవసెయామాకి ఇవాళ ఇవాతొరాతో పోటీ. కిహాచి పెందలాడే వచ్చి కూర్చున్నాడు. మియోకో రాగానే కాల్చిన కోడిముక్కల పుల్ల ఒకటి చేతిలో పెట్టాడు.

"తినండి. కోడి ఎప్పుడూ రెండు కాళ్ళ మీదే నిలబడుతుంది, చేతులు నేలకి ఆనించదు. మీవాడికి మంచిది."

ఆవిడ ఒక్క ముక్క కొరికి పక్కన పెట్టేసింది. కవసెయామా వంతుకి ఇంకా నాలుగు పోటీలుండగానే చేతిరుమాలు మెలిపెట్టడం మొదలుపెట్టింది. ఒక్కో పోటీ తేలగానే ఊపిరి వదిలి, మళ్ళీ బిగబడుతోంది. పాపం, ముందునుంచే బెంగ, అనుకున్నాడు కిహాచి.

కవసెయామా బరి ఎక్కాడు. గుప్పెడు ఉప్పు చల్లాడు. ఎదురుగా ఇవాతొరా, అతనికి రెండింతలు.

"మీరూ కేకెయ్యండమ్మా! సిగ్గెందుకు?"

"మావాడి పేరు ఎవరూ అరవరండీ," అంది ఆవిడ బరి మీంచి చూపు తిప్పకుండా.

కిహాచి గుండె నీరైపోయింది. "నేనున్నానుగా!" అని లేచి నిలబడి, గొంతు చించుకుని అరిచాడు. "కవసెయామా! కవసెయామా!"

ఆవిడ అయోమయంగా అతనివైపు చూసింది. ఏదో అనబోయింది. అంతలోనే బరిలో దభీమని రెండు ఒళ్ళు ఢీకొన్నాయి.

బక్కవాడు వెనక్కి, ఇంకా వెనక్కి జరిగాడు. మడమ బరి హద్దుగా ఉన్న గడ్డితాడుని తాకింది. అక్కడే నడుము మెలితిప్పి ఇవాతొరా గోచీ పట్టుకు లాగాడు. ఇద్దరూ ఒకేసారి కిందికి దొర్లిపోయారు. తీర్పరి చేతిలోని విసనకర్ర ఇవాతొరా వైపు లేచింది.

కిహాచి తల పట్టుకున్నాడు. మరుక్షణమే చప్పట్లు కొట్టాడు. బరి చుట్టూ కూర్చుని తీర్పు సరిచూసే అయిదుగురు నల్లబట్టల పెద్దలూ పైకి ఎక్కుతున్నారు.

"వాళ్ళకి అనుమానం వచ్చింది! ఆశ ఉందమ్మా, ఆశ ఉంది!"

మియోకో ముఖంలో నెత్తురుచుక్క లేదు. పెద్దలు తలలు దగ్గర పెట్టి గుసగుసలాడుకున్నంతసేపూ ఆవిడ రెప్ప వెయ్యలేదు.

మైకు గరగరలాడింది. "తీర్పరి పొరబాటు. ఇవాతొరా చెయ్యి ముందుగా నేలకి తగిలింది. గెలుపు కవసెయామాది."

కిహాచి గెంతాడు. మొసుకె వెనకనుంచి అతని వీపు మీద ఒక్కటి చరిచాడు. "ఒప్పుకున్నాన్రా నీ కళ్ళని!"

మియోకో రెండు చేతుల్లో ముఖం దాచుకుని వెక్కివెక్కి ఏడుస్తోంది.

"ఏడవండమ్మా, తనివితీరా ఏడవండి! పదమూడేళ్ళ కల! మీ కవసెయామా గట్టెక్కేశాడు!"

ఆవిడ తల ఎత్తింది.

"ఆ గెలిచినబ్బాయి ఎవరో నాకు తెలియదండీ, ఇవాతొరా వైపు విసనకర్ర ఎత్తినవాడు మా అబ్బాయి."